గుంటూరు, విజయవాడల్లో పెళ్లి మేళం: ఏది మాట్లాడుకోవాలి, ఏమని చెప్పాలి

గుంటూరులో గానీ విజయవాడలో గానీ పెళ్లికి సన్నాయి మేళం దొరకడం పెద్ద పని కాదు. మన చెవికి నచ్చే మేళాన్ని వెతుక్కోవడం, దొరికినవాళ్ల చేత మనకు కావలసిందే వాయించుకోవడం, ఇవీ కష్టాలు. వడ్డనలో ఎన్ని రకాల పచ్చళ్లు ఉండాలో నాలుగు సార్లు కూర్చుని తేల్చుకునే ఇళ్లలో కూడా వాయిద్యం దగ్గరికొచ్చేసరికి "మేళం వాళ్లకు చెప్పేశాం" అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. ఏమని చెప్పారంటే "మంచి పాటలు వాయించమన్నాం" అంటారు. ఆ మాటతో మేళగాడికి ఏమీ తెలియదు. తనకు అలవాటైన నలభై పాటల్లోంచి వరసగా తీస్తూ పోతాడు. తప్పు అతనిది కాదు.

ఈ రెండు ఊళ్లలో పెళ్లి సంగీతం మూడు దారుల్లో వస్తుంది. నేరుగా మేళం పెద్దతో మాట్లాడుకోవడం ఒకటి. కల్యాణ మండపం వాళ్లో ఈవెంట్ మేనేజరో అలంకరణతో, ఫొటోలతో కలిపి ఇచ్చే ప్యాకేజీలో మేళాన్ని కూడా తీసుకోవడం రెండోది. డీజే దగ్గర రికార్డు చేసి పెట్టిన నాదస్వరం వేయించడం మూడోది. మూడింటికీ మార్కులు వేయమంటే మొదటిదానికి పదికి తొమ్మిది, రెండోదానికి అయిదు, మూడోదానికి రెండు వేస్తాను.

మూడోదాని సంగతి త్వరగా తేలిపోతుంది. రికార్డు పంతులుగారిని చూడలేదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి గట్టిమేళం, అంటే సన్నాయి, డోలు ఒక్కసారిగా హోరెత్తే ఆ వాయింపు, అందుకోవాలంటే డీజే కుర్రాడు మండపం వైపు కన్నార్పకుండా చూస్తూ కూర్చోవాలి. వేసిన ట్రాక్ సగంలో తెగ్గొట్టి ఇంకోటి వేసినప్పుడు వచ్చే ఆ ఖాళీ, పెళ్లి వీడియోలో ఎప్పటికీ ఉండిపోతుంది. రిసెప్షన్‌లో జనం భోజనాలు చేసేటప్పుడు నేపథ్యంగా వినపడడానికైతే పరవాలేదు.

ప్యాకేజీ మేళంలో అసలు లోపం వాయించేవాళ్ల నైపుణ్యం కాదు. చాలాసార్లు వాళ్లు మంచి విద్వాంసులే. మీరు మేనేజరుకు చెప్పింది అతను తన కింద పనిచేసే కుర్రాడికి చెబుతాడు, ఆ కుర్రాడు మేళం పెద్దకు ఫోన్ చేస్తాడు. మూడు నోళ్లు మారేసరికి "బుట్టలో పెళ్లికూతురిని తెచ్చేటప్పుడు నెమ్మదిగా ఉండే అన్నమయ్య కీర్తన" కాస్తా "ఒక డివోషనల్" అయిపోతుంది. పైగా ఏ మేళం వస్తుందో ముందురోజు దాకా తెలియదు. ప్యాకేజీయే తీసుకోవలసి వస్తే ఒక్క షరతు పెట్టండి: మేళం పెద్ద పేరు, ఫోన్ నంబరు కనీసం పదిహేను రోజుల ముందు మన చేతికి రావాలి, పాటల గురించి మనమే అతనితో మాట్లాడుకుంటాం. దీనికి ఒప్పుకోని సంస్థ దగ్గర పువ్వులు తీసుకోండి, మేళం తీసుకోకండి.

ఇంకో చిక్కు మాటలో ఉంది. మన వైపు "సన్నాయి" అంటే నాదస్వరమే. రెండున్నర, మూడు అడుగుల పొడుగుండి, కింద వెడల్పాటి గరాటా లాంటి అనసుతో, బయలులో కూడా ఖంగుమని మోగే వాయిద్యం. ఉత్తరాది షెహనాయ్ దానికన్నా పొట్టిది, గొంతు మెత్తనిది, పక్కన తబలా ఉంటుంది. బయటి ఊరి ఈవెంట్ మేనేజరుకు "సన్నాయి పెట్టండి" అంటే షెహనాయ్ వాయించేవారిని తీసుకొచ్చే ప్రమాదం ఉంది. వాళ్లు కూడా గొప్పగా వాయిస్తారు, కానీ వాళ్ల దగ్గర డోలు ఉండదు, గట్టిమేళం ఉండదు. కాబట్టి "నాదస్వరం, డోలు" అని రెండు మాటలూ పలకాలి.

నాదస్వరానికి మన నేల మంచి పుట్టిల్లు. చిలకలూరిపేట, నరసరావుపేట, అటు ప్రకాశం జిల్లా పల్లెలు, తరతరాలుగా ఈ వాయిద్యం మీదే బతికిన కుటుంబాలకు నెలవులు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా చిలకలూరిపేట సంప్రదాయంలో నేర్చుకుని, తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన శిష్యులు కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. త్యాగరాజ కీర్తనలను ప్రాణంగా చూసుకునే ఈ ముస్లిం కుటుంబాలు, నాయీబ్రాహ్మణ కుటుంబాలు కలిసి కాపాడిన విద్య ఇది. వాళ్లను "బ్యాండు వాళ్లు" అనకండి. మేళం పెద్దను "గురువుగారూ" అని పిలిచి మాట మొదలుపెడితే ఆ సంభాషణే వేరుగా నడుస్తుంది.

ఇక వినడం. నిమిషం నిడివి రీలు చూసి మేళాన్ని ఖాయం చేసుకోవద్దు. దానిలో శబ్దం శుభ్రం చేసి ఉంటుంది, బాగున్న ముక్కే ఉంటుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, ఈ శూన్యమాసాల్లో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మేళాల వాళ్లకు తీరిక ఉంటుంది, నిదానంగా మాట్లాడతారు. దేవాలయాల ఉత్సవాల్లో వాళ్లు వాయించే చోటికి వెళ్లి అరగంట నిలబడి వింటే అంతకంటే మేలు. అలా కుదరకపోతే ఫోన్‌లో మూడు ముక్కలు రికార్డు చేసి పంపమనండి: ఒక కీర్తన పల్లవి ముందు రెండు నిమిషాల ఆలాపన, ఒక సినిమా పాట, ఒక గట్టిమేళం. ఏ ఎడిటింగూ లేకుండా.

ఆలాపనలో శ్రుతి వినండి. కింద మోగే శ్రుతి పెట్టెతో నాదస్వరం షడ్జమం, అంటే "స" స్వరం, కలిసి ఒక్కటైపోతే చెవికి హాయిగా ఉంటుంది. ఏదో గీరినట్టు, రెండు గొంతులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు ఉంటే వేరే మేళం చూసుకోండి. సినిమా పాటలో తాళం వినండి: చరణం నుంచి పల్లవికి తిరిగి వచ్చేచోట డోలు తడబడుతుందా అని. గట్టిమేళంలో చూడవలసింది వేగం కాదు, ఎంత ఠక్కున అందుకున్నారు, ఎంత ఠక్కున ఆపారు అనేది. వాయిద్యాన్ని దగ్గరగా చూసే వీలుంటే, దానికి దారంతో వేలాడే అదనపు పీకలు, అంటే నోట పెట్టి ఊదే ముక్కలు, ఎన్ని ఉన్నాయో గమనించండి. ఎండిన గడ్డితో చేసే ఆ పీక ఎప్పుడైనా చీలవచ్చు. నాలుగైదు సిద్ధంగా పెట్టుకున్నవాడు పని మీద శ్రద్ధ ఉన్నవాడు.

ఎంతమంది కావాలన్నది మరో ప్రశ్న. ఖర్చు తగ్గుతుందని ఒక నాదస్వరం, ఒక డోలుతో సరిపెట్టేవాళ్లున్నారు. గణపతి పూజ నుంచి అప్పగింతల దాకా నాలుగైదు గంటలు గడుస్తాయి. ఒక్కడే ఊదితే పెదవులు అలిసిపోతాయి, పీక నానిపోతుంది, తలంబ్రాల వేళకు అతని దగ్గర ఊపిరి మిగలదు. ఇద్దరు నాదస్వరాలు, ఇద్దరు డోళ్లు, ఒకరు తాళం, ఒక శ్రుతి పెట్టె: ఈ అమరిక ఉంటే ఒకరు విశ్రాంతి తీసుకుంటుంటే ఇంకొకరు అందుకుంటారు, అవసరమైనచోట ఇద్దరూ కలుస్తారు. బడ్జెట్ తక్కువైతే రిసెప్షన్ వాయిద్యం మానేసి, ముహూర్తానికి పూర్తి మేళం పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, రుచి చెప్పడం. మన ఇళ్లలో "పాత పాటలు" అన్న మాటకు మూడు అర్థాలున్నాయి. తాతగారికి పాతవంటే 1974లో పోయిన ఘంటసాల గొంతులో విన్నవి. నాన్నగారికి పాతవంటే చక్రవర్తి, ఇళయరాజా బాణీలు. పెళ్లికూతురికి తను బడిలో చదివేటప్పుడు వచ్చిన మణిశర్మ పాటలే పాతవి. మేళం పెద్దతో ఫోన్‌లో మాట్లాడింది తాతగారైతే అతను మొదటి అర్థంలో సిద్ధమవుతాడు. కాబట్టి పాత, కొత్త అనకుండా ఏళ్లు చెప్పండి: "1955 నుంచి 70 మధ్య", "80ల్లోవి", "2000 తర్వాతవి". సినిమా పేరొక్కటే చెప్పినా పొరపాటు జరుగుతుంది. "మల్లీశ్వరి" అంటే 1951లో సాలూరి రాజేశ్వరరావు స్వరపరిచినదీ ఉంది, 2004లో కోటి స్వరపరిచినదీ ఉంది. పల్లవి మొదటి ముక్క, సినిమా, సంవత్సరం, మూడూ కలిపి రాయాలి. యూట్యూబ్ లింకు పంపితే ఇంకా నయం, ఎందుకంటే రీమిక్స్ కావాలో అసలుది కావాలో అప్పుడే తెలుస్తుంది.

సంగీత దర్శకుల పేర్లతో వచ్చే తికమక ఒకటుంది. "కీరవాణి వాయించండి" అని మీరంటే, శాస్త్రీయం నేర్చుకున్న విద్వాంసుడు కీరవాణి రాగం, మేళకర్తలనే మూల రాగాల్లో ఇరవై ఒకటోది, తీసి ఆలాపన మొదలుపెడతాడు. మీరు అనుకున్నది సినిమా సంగీత దర్శకుడిని. అతనికి రాగమే ముందు గుర్తొస్తుంది, అది అతని విద్య. "కీరవాణి గారి సినిమా పాటలు" అంటే గొడవ లేదు.

తమకు ఏది నచ్చుతుందో తమకే తెలియదనే వాళ్లు చాలామంది. వాళ్లకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ముందు నచ్చనివి రాయండి. "డోలు మరీ హోరెత్తకూడదు", "విషాదంగా ఉండేవి వద్దు", "ఐటం పాటలు వద్దు", "ఒకే పాట రెండుసార్లు వద్దు". ఈ నాలుగు చెప్పగానే మేళం పెద్దకు సగం దారి కనిపిస్తుంది. తర్వాత ఇంట్లో అందరూ మెచ్చే మూడు పాటలు పంపి, "ఇవి మా ఇంట్లో అందరికీ ఇష్టం, ఇలాంటివి మీరే ఎంచండి" అనండి. అనుభవం ఉన్న విద్వాంసుడు ఆ మూడింటి రాగాలు పట్టుకుంటాడు. మూడూ మోహన, హిందోళం దగ్గర తిరుగుతుంటే ఆ రాగాల్లో కీర్తనలూ, సినిమా పాటలూ తీస్తాడు. మీకు రాగం పేరు తెలియనవసరం లేదు. మీరు ఇచ్చిన మూడు పాటలే అతనికి మీ చెవిని చెబుతాయి.

జాబితా పొడుగు పెంచకండి. నాదస్వరం మీద ఒక పాట మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది. పెళ్లిలో మంత్రాలు ఆగి, మేళం పూర్తిగా వినిపించే సమయం కూడితే గంటన్నరకు మించదు. పది పాటలు తప్పనిసరి అని రాయండి, మిగిలింది వాళ్లకు వదిలేయండి. నలభై పాటల జాబితా పంపితే అందులో ఏది ముఖ్యమో వాళ్లకు తెలియక, తేలికైనవి వాయించి ఊరుకుంటారు.

అన్ని పాటలూ ఈ వాయిద్యం మీద పలకవు. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించే తీరు, ఉన్నవి, సాగదీసి పాడదగ్గవి, ఒక్క గొంతు మీద నడిచే బాణీలు అద్భుతంగా వస్తాయి. గబగబా మాటలు దొర్లే పాటలు, ర్యాప్ ముక్కలు, గిటార్ కార్డ్‌ల మీద నిలబడ్డ పాటలు రావు. వచ్చినా ఏ పాటో ఎవరికీ తెలియదు. ఈ మధ్య పాటల్లో మీకు నచ్చినదాన్ని నోటితో కూనిరాగం తీసి చూడండి. మాటల్లేకుండా, వెనక బీట్ లేకుండా కూడా గుర్తుపట్టేలా ఉంటే నాదస్వరం మీద బాగుంటుంది. లేదంటే దాన్ని సంగీత్‌కో రిసెప్షన్‌కో వదిలేయండి.

ఈ మధ్య నాదస్వరంతో కీబోర్డు, శాక్సఫోన్, వయొలిన్ కలిపి ఫ్యూజన్ అడుగుతున్నారు. ఇక్కడ చెడేది శ్రుతి. నాదస్వరం పొడుగును బట్టి దాని ఆధార శ్రుతి ఖాయం. కీబోర్డు వాళ్లు ఒక మీట నొక్కి శ్రుతి మార్చుకోగలరు, నాదస్వరం మార్చుకోలేదు. కాబట్టి కీబోర్డే నాదస్వరం శ్రుతికి దిగిరావాలి. ఈ సంగతి రెండు బృందాలకూ ఒకేసారి, ఒకే ఫోన్ కాల్‌లో చెప్పించండి. ముందుగా ఒక గంట సాధన చేయని ఫ్యూజన్ కంటే ఉత్త మేళం వెయ్యి రెట్లు నయం.

పెళ్లి ఘట్టాల్లో ఏది ఎక్కడ అన్నది మేళగాళ్లకు తెలుసు. అయినా కొన్నిచోట్ల మీ మాట కావాలి. గణపతి పూజకు హంసధ్వనిలో "వాతాపి గణపతిం" దాదాపు అందరూ ఎత్తుకుంటారు, అక్కడ మీరు చెప్పవలసింది ఏమీ లేదు. పెళ్లికూతురిని మేనమామలు బుట్టలో తెచ్చేటప్పుడు ఏం కావాలో చెప్పాలి, ఎందుకంటే నడక నెమ్మది, ఎంతసేపు పడుతుందో తెలియదు. ఎక్కడ ఆపినా అందంగా ఆగే పాట ఎంచండి. "నగుమోము గనలేని" ఆభేరిలో ఎంత హాయిగా ఉన్నా, స్వామి నవ్వు ముఖం చూడలేక పోతున్నానన్న ఆర్తి అది. సాహిత్యం తెలిసిన పెద్దలు ఆ క్షణంలో దాన్ని ఇష్టపడరు. భోజనాల వేళకు ఉంచుకోండి. తలంబ్రాలకు అన్నమయ్య "పిడికిట తలంబ్రాల పెండ్లికూతురు" కంటే సరిపోయేది లేదు. మాటల్లోనే ఘట్టం ఉంది. "సీతా కల్యాణ వైభోగమే" మంగళసూత్ర ధారణ తర్వాత అందుకోమనండి, గట్టిమేళం ఆగగానే అది మొదలైతే మండపం అంతా ఒక్కసారి మెత్తబడుతుంది. హారతికి "క్షీరాబ్ధి కన్యకకు" ఉంది. అప్పగింతల దగ్గర మాత్రం ఖచ్చితంగా చెప్పాలి. కొందరికి కన్నీళ్లు పెట్టించే పాట ఉండాలి, కొందరికి అసలు వద్దు. మీరు చెప్పకపోతే వాళ్లు ఏడుపు పాటే వాయిస్తారు, అది వాడుక.

గట్టిమేళం ఎప్పుడు అన్నదే అన్నిటికంటే ముఖ్యం. మన ఆంధ్ర పెళ్లిళ్లలో ముహూర్తమంటే జీలకర్ర బెల్లం. తాళి కట్టడం దాని తర్వాత. బయటి ఈవెంట్ సంస్థలు "ముహూర్తం" అనగానే తాళి అనుకుంటాయి, లైవ్ ప్రసారం వాళ్లకూ, మేళానికీ అలాగే చెబుతాయి. అప్పుడు అడ్డుతెర తొలగి, నెత్తిన చేయి పెట్టే అసలు క్షణం మౌనంగా జారిపోతుంది. "గట్టిమేళం రెండుసార్లు: జీలకర్ర బెల్లానికి ఒకటి, సూత్రధారణకు ఒకటి" అని రాసి ఇవ్వండి.

ఎవరు సైగ చేస్తారో కూడా తేల్చండి. పంతులుగారు చేయెత్తి తిప్పితే గట్టిమేళం, అరచెయ్యి చాపితే ఆపడం. ఇది పంతులుగారికీ మేళం పెద్దకూ ముందే ఎదురెదురుగా చెప్పించాలి. చాలా పెళ్లిళ్లలో మంత్రం వినపడనంత గట్టిగా మేళం నడుస్తుంటుంది. పంతులుగారు విసుక్కుంటారు, మేళం వాళ్లకు ఎందుకో తెలియదు. మంత్రం ముఖ్యమైన చోట్ల, కన్యాదాన సంకల్పం, సప్తపది, మేళం పూర్తిగా ఆగాలి. పీటల మీది పూజలు సాగేటప్పుడు ఒక్క నాదస్వరం, డోలు లేకుండా, తగ్గు స్థాయిలో మోగితే సరిపోతుంది.

సైగ అన్నానా, దానికి చూపు కావాలి. ఇన్ని పెళ్లిళ్లలో గట్టిమేళం ఆలస్యం కావడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఏమిటంటే, మేళం కూర్చున్న చోటు నుంచి పంతులుగారు కనపడకపోవడం. పూల స్తంభమో, ఫొటోగ్రాఫర్ల వరసో అడ్డొస్తుంది. మండపం అలంకరణ గీత వేసేటప్పుడే మేళానికి చోటు ఇవ్వాలి: మండపానికి పది, పన్నెండు అడుగుల్లో, పక్కగా, అడుగు ఎత్తు వేదిక మీద, పంతులుగారి చేతికి సూటిగా. గుంటూరు ఇన్నర్ రింగ్ రోడ్డు, విజయవాడ కానూరు, పోరంకి వైపు పెద్ద హాళ్లలో అలంకరణ వాళ్లు మేళాన్ని గుమ్మం దగ్గరికి నెట్టేస్తుంటారు. అక్కడి నుంచి వాళ్లకు మండపం ఒక వెలుగు చుక్కలా కనపడుతుంది. ఒప్పుకోకండి.

మైకు సంగతి. నాదస్వరం బయలు కోసం పుట్టిన వాయిద్యం. మూసిన హాల్లో అయిదారు వందల మంది దాకా మైకు లేకుండానే వినపడుతుంది. మైకు పెట్టి తీరాలంటే ఒక్కటే, అనసుకు ఎదురుగా కాకుండా నాలుగు అడుగుల దూరంలో పక్కగా పెట్టించండి. డోలుకు మైకు అసలు వద్దు. డోలు దగ్గర మైకు పెడితే పంతులుగారి మైకులోకి ఆ దెబ్బలే వెళ్లి మంత్రం మునిగిపోతుంది, లైవ్ చూసే అమెరికా బంధువులకు గరగర తప్ప ఏమీ వినపడదు. వీడియో వాళ్లను మేళం వాయిస్తుండగానే శబ్దం స్థాయి సరిచూసుకోమనండి. మాటలతో చూసుకుని స్థాయి పెడితే గట్టిమేళానికి పగిలిపోతుంది.

ఏసీ హాలైతే మేళాన్ని ముందుగా లోపల కూర్చోబెట్టాలి. చల్లటి గాలిలో గాలి వాయిద్యాల శ్రుతి కాస్త దిగుతుంది, డోలు చర్మం బిగువు కూడా మారుతుంది. బయట సరిచేసుకుని లోపలికి రాగానే వాయిస్తే మొదటి పావుగంట అపశ్రుతి తప్పదు. ఇరవై నిమిషాలు చాలు సర్దుకోవడానికి.

రాత్రి ముహూర్తాలకు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు గుర్తుంచుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మూసిన హాళ్లలో, ఆ హాలు వరకే తప్ప బయట వాడకూడదు. లాన్లలో, పచ్చిక మీద పెళ్లి పెట్టుకుని తెల్లవారుజామున మైకు, డీజే అనుకుంటే పోలీసులు వచ్చి ఆపించవచ్చు. ముహూర్తం వేళకు మండపం లోపల ఉండేలా హాలు మాట్లాడుకోండి. సినిమా పాటలు వాయిస్తే కాపీరైట్ ఫీజు కట్టాలని ఎవరైనా అడిగితే, పెళ్లి ఊరేగింపుకూ, పెళ్లికి సంబంధించిన వేడుకలకూ కాపీరైట్ చట్టం 52(1)(జెడ్‌ఏ)లో మినహాయింపు ఉందని చెప్పండి.

తేదీ చెప్పడంలో జరిగే పొరపాటు అన్నిటికంటే నష్టం చేస్తుంది. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మారుతుంది, ఫోన్ క్యాలెండరుకు అర్ధరాత్రి మారుతుంది. "శనివారం రాత్రి 2:14" అని మీరంటే, ఒకరికి అది శుక్రవారం వెళ్లిన రాత్రి, ఇంకొకరికి శనివారం వెళ్లిన రాత్రి. పెద్దలు వాడే మాటే వాడండి: "శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం, 2 గంటల 14 నిమిషాలకు". దాని పక్కనే ఇంగ్లీషు తేదీ వేయండి. విజయవాడ మేళాన్ని గుంటూరు పిలిచినా, గుంటూరు మేళాన్ని విజయవాడ పిలిచినా, ముప్పై అయిదు కిలోమీటర్లే కదా అని గంట ముందు బయలుదేరతామంటారు. ముహూర్తాల రోజుల్లో మంగళగిరి, తాడేపల్లి, బెంజి సర్కిల్ దగ్గర ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు. ముహూర్తానికి మూడు గంటల ముందు హాల్లో ఉండాలని రాయండి.

ఇవన్నీ ఫోన్‌లో చెబితే నిలవవు. ఒక్క వాట్సాప్ సందేశంలో, ఇలా పంపండి:

"గురువుగారూ, నమస్కారం. పెళ్లి శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం (ఇంగ్లీషు తేదీ ఇక్కడ), 2:14కి. మీరు రాత్రి 11 గంటలకు హాల్లో ఉండాలి. ఇద్దరు నాదస్వరం, ఇద్దరు డోలు, తాళం. గట్టిమేళం రెండుసార్లు, జీలకర్ర బెల్లానికీ, సూత్రధారణకూ. సైగ పంతులుగారు చేస్తారు, రాగానే ఆయన్ను కలవండి. బుట్ట వచ్చేటప్పుడు నెమ్మదైన కీర్తన. తలంబ్రాలకు అన్నమయ్య. అప్పగింతల్లో విషాదం వద్దు. తప్పనిసరి పాటలు పది, లింకులు కింద ఉన్నాయి. మిగతావి మీ ఇష్టం, 1980 తర్వాత మెలొడీలైతే సంతోషం. మీకు రానివి ఇప్పుడే చెప్పండి, మారుస్తాం. హాల్లో మీతో మాట్లాడేది మా తమ్ముడు ఒక్కడే, అతని నంబరు ఇది."

చివరి రెండు వాక్యాలు చాలా విలువైనవి. రాని పాటను రాదని చెప్పే అవకాశం ఇస్తే నిజం చెబుతారు. ఇవ్వకపోతే "చూద్దాం లెండి" అంటారు, పెళ్లినాడు అది వినపడదు. ఇక మాట్లాడేవాడు ఒక్కడే ఉండాలన్నది ఎందుకంటే, పెళ్లిలో బాబాయిలు, పెదనాన్నలు, వియ్యంకుల వైపు బావగార్లు తలా ఒక పాట అడుగుతారు. ఎవరి మాట వినాలో తెలియక మేళం పెద్ద అందరి మాటా సగం సగం వింటాడు. మీ జాబితాలో నాలుగు పాటలు అప్పుడే పోతాయి.

డబ్బు మాట్లాడేటప్పుడు మొత్తం ఒక్కటే చెప్పించుకోకండి, విడదీయండి. ఎంతమంది, ఎన్ని పూటలు, పెళ్లికొడుకును చేసే రోజు కూడా ఉందా, ఎదురుకోలు ఉందా, ప్రయాణం ఎవరిది, రాత్రి పడక ఎక్కడ. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలు దగ్గర దగ్గరగా ఉన్న రోజుల్లో రేటు పెరుగుతుంది, ఒకే మేళం పొద్దున ఒకచోట, రాత్రి ఒకచోట ఒప్పుకుంటుంది. "ఆ రోజు మీకు వేరే పెళ్లి ఉందా" అని సూటిగా అడగండి. ఉంటే అక్కడ ముహూర్తం ఎన్నింటికో తెలుసుకోండి. వాయించేవాళ్లకు బట్టలు, తాంబూలం, సంభావన ఇవ్వడం మన వైపు మర్యాద. అది మాట్లాడుకున్న మొత్తంలో కలిపారో విడిగానో ముందే తేలాలి.

భోజనం విషయంలో చాలా ఇళ్లలో తెలియక తప్పు చేస్తారు. కడుపు నిండా తిని నాదస్వరం ఊదలేరు. బంతుల హడావిడిలో మేళం వాళ్లను ఆఖరి బంతికి కూర్చోబెడితే, ఆకలితోనే ముహూర్తం వాయిస్తారు. ముహూర్తానికి రెండు గంటల ముందు తేలికైన టిఫిన్ పెట్టండి, వేదిక పక్కనే గోరువెచ్చని నీళ్లు ఉంచండి, పూర్తి భోజనం ముహూర్తం అయ్యాక పెట్టండి. మంచు నీళ్లు, కూల్‌డ్రింకులు ఇవ్వకండి, గొంతుకూ పెదవులకూ మంచిది కాదు. రంజాన్ మాసంలో పెళ్లి వచ్చి, మేళంలో ఉపవాసం ఉన్నవాళ్లుంటే, సూర్యాస్తమయం ఎన్నింటికో చూసి ఆ సమయానికి పది నిమిషాలు విరామం, ఖర్జూరాలు, పళ్లు, నీళ్లు సిద్ధం చేయండి. గోధూళి వేళ ఎదురుకోలు పెట్టుకున్న ఇళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి, సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే పెళ్లికొడుకు కారు వచ్చి గేటు దగ్గర ఆగుతుంది.